‘హుజూరు’ శబ్దము: సన్నిధి వాచకముల తులనాత్మక పరిశీలనము

నల్లగొండ జిల్లానుండి 2016లో వేరుపడిన సూర్యాపేట జిల్లాయందు, కృష్ణానదికి ఉత్తరమున, హుజూర్‌నగర్ అను పట్టణము కలదు. నాగార్జునసాగరపు ఎడమకాలువ నీటితో మాగాణిగ మారిన సీమ అది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దాని ఇరుగుపొరుగులు. ఈ పేర్లను వరుసగ చదివినచో హుజూర్‌నగర్ దగ్గర చెవి ఒక్కసారి ఆగును. పేట, గూడ అనునవి మనకు చిరపరిచితములు. హుజూర్ అనునది అరబ్బీ శబ్దము. నగర్ అనునది సంస్కృత నిఘంటువులలోను, ద్రావిడ నిఘంటువులలోను చోటు సంపాదించుకొన్న శబ్దము. ఊరిలోని రైతులు హకారమును విడిచి ‘ఉజూర్‌నగర్’ అనుటయు కద్దు. ఆ రెండు శబ్దములలో మొదటిదానినిగూర్చి విస్తరముగను, రెండవదానినిగూర్చి ప్రసక్తానుప్రసక్తముగను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

ఈ విచారణకు ప్రేరకుడు ఆ ప్రాంతమువాడే యైన ఒక పరిశోధక విద్యార్థి. అతని బంధువులు కొందరు మలేసియాలోను, అన్నగారు ఐర్లండులోను ఉన్నారు. వారివారి బిడ్డలు బడిలో నేర్చుకొన్న మాటలను అతడు చీటీపై వ్రాసి తెచ్చెను. మలయు భాషలో ‘హాదిర్’ అనగా హాజరైన. ‘హదాప్’ అనగా ఎదుట నిలుచు. ఐరిష్ భాషలో ‘ఇ లాహిర్’ అనగా సమక్షమున. హకారము అన్నిటను ఉన్నది, అర్థ మొక్కటే, కావున ఇవన్నియు మన ‘హాజరు’తో ఏకమూలములని అతని సిద్ధాంతము. మేము నవ్వలేదు. నవ్వుటకు మాకు అర్హత లేదు. పదియేండ్లకు పైగా ‘మహజరు’ అను మాటను మేము తరగతిలో ‘మహాజన’ శబ్దమునుండి పుట్టినదిగ బోధించియుంటిమి. పలువురు చేవ్రాళ్లుచేసి అధికారికి సమర్పించు విజ్ఞాపనమునకు మహజరని పేరు, పలువురు కావున మహాజనులు, నకారము రేఫమైనది. ఇంతకంటె సుగమమైన వ్యుత్పత్తి ఏమి కావలెను? అది తప్పు. ఆ తప్పు ఎట్లు బయటపడినదో ముందు చెప్పెదము. ఏలయన, ఆ విద్యార్థి తప్పును దిద్దు ఉపాయమును అందే కలదు.

హుజూర్‌నగర్‌లో పూర్వము దస్తావేజులు వ్రాసి జీవించిన ఒక వృద్ధుని ఇంటికి పాత కాగితములు చూచుటకు మేము వెళ్లియుంటిమి. మాటల నడుమ మా మహాజన వ్యుత్పత్తిని ఆయనకు వినిపింపగా ఆయన మారుమాటాడక ఒక కాగితముపై ఉర్దూ లిపిలో నాలుగు మాటలు ఒకదానిక్రింద నొకటి వ్రాసెను: హాజిర్, హుజూర్, హజ్రత్, మహ్‌జర్. నాలుగింటను ‘హే, జాద్, రే’ అను మూడక్షరములే వెన్నెముకవలె నిలిచియున్నవి. తెలుగు లిపిలో వ్రాసినపుడు కానరాని చుట్టరికము ఆ లిపిలో కన్నులకే గోచరించినది.

అరబ్బీ ధాతువులు ప్రాయికముగ మూడు హల్లులు గలవి. అచ్చులు మార్చియు, ముందు వెనుకల వర్ణములు చేర్చియు వానినుండి పదములను నిష్పన్నము చేయుదురు. ఇచ్చటి ధాతువునకు ‘వచ్చి ఎదుట నుండుట’ అని అర్థము. దాని కర్తృవాచకము ‘హాదిర్’, ఎదుట నున్నవాడు. అది ఫార్సీలో హాజిర్, తెలుగున హాజరు. భావవాచకము ‘హుదూర్’, ఎదుట నుండుట. అది మన హుజూరు. సన్నిధి యను అర్థముగల మరియొక రూపము ‘హద్రత్’. అది గౌరవవాచకమై హజ్రత్ అయినది. మకారము ముందు చేరినచో స్థానమో కాలమో తెలియును; కనుక ‘మహ్‌దర్’ అనగా పదిమంది ఎదుటబడు చోటు. పిమ్మట అట్టి సమావేశమున పుట్టిన పత్రమునకు, అందు చేసిన చేవ్రాళ్లకు ఆ పేరు సంక్రమించినది. మహజరులో మహాజనులు లేకపోలేదు. కాని వారు పత్రముక్రింద ఉన్నారు, పదములో లేరు. హాజరీ, గైరుహాజరు, హాజరుపట్టీ, హాజరుజామీను మొదలగునవి ఈ కుటుంబములోనివే. తమిళ కన్నడ మలయాళ దేశములలో నేరస్థలమున సాక్షుల యెదుట వ్రాయు పత్రమును నేటికిని మహజరనుచున్నారు. మూలార్థమునకు ఆ వాడుక మన వాడుకకంటె దగ్గర.

ఈ చుట్టరికము తెలుగు లిపిలో ఏల మరుగుపడెను? మన జకారము మిక్కిలి ఉదారమైనది. ఉర్దూలో వేర్వేరు లిపిసంజ్ఞలు గల అయిదు వర్ణములకు అది యొక్కటే ఆశ్రయమిచ్చుచున్నది. జవాబులోని జకారము ‘జీమ్’, జమీనులోనిది ‘జే’, జిమ్మాలోనిది ‘జాల్’, జామీనులోనిది ‘జాద్’, జులుములోనిది ‘జోయ్’. జమీను అనగా భూమి, జామీను అనగా పూచీ. మనకు అచ్చు దీర్ఘమైనంతమాత్రపు భేదమే, అరబ్బీ ఫార్సీలలో హల్లే వేరు, వంశమే వేరు. హంపిలోని హజారరామాలయ మనగానే హజారను వేయి యను ఫార్సీ సంఖ్యగ గ్రహించువారు కలరు. కన్నడాంధ్రములలో రాజగృహపు ముఖమండపమునకు ‘హజారము’ అని పేరున్న సంగతి వారికి తట్టదు. అట్లని హజారమును కొలువుకూటమన్నమాత్రమున హాజరుతో ముడిపెట్టుట తగదు. హజారు, హాజరు, హజారము అను మూడును తెలుగున ప్రక్కప్రక్కనే వినబడును. ధ్వనియే ప్రమాణమైనచో మూడింటిని ఒకే దారమున గ్రుచ్చవచ్చును. దారము గట్టిదో కాదో చూచువారే అరుదు.

ఇక హుజూరు శబ్దము భరతఖండమున పొందిన అర్థపరిణామమును చూతము. ఎదుట నుండుట అను భావము మొదట ‘ప్రభువు ఎదుట’ అని సంకుచితమైనది. తరువాత ప్రభువున్న చోటయినది. అటుపై ప్రభువో అతని ప్రతినిధియో కూర్చుండు కార్యాలయమైనది. చెన్నరాజధానిలోని తెలుగు జిల్లాలయందు కలెక్టరు కచ్చేరి హుజూరు కచ్చేరి. అందలి ప్రధానోద్యోగి హుజూరు శిరస్తదారు. తిరువాన్కూరు సంస్థానమున దివాను కార్యాలయమునకును అదే పేరు. మధ్యప్రదేశమున భోపాల్ జిల్లాలోను, రీవా జిల్లాలోను ముఖ్యపట్టణమున్న తహసీలునకు నేటికిని ‘హుజూర్’ అనియే వ్యవహారము. తెలంగాణములోనే హుజూరాబాదు కలదు. గోదావరీతీరమున నాందేడులో గురు గోవిందసింగు 1708లో దేహము చాలించిన స్థలమును సిక్కులు హజూర్ సాహిబ్ అందురు. అచ్చట ప్రభువు రాజు కాడు, గురువు. ఎదుట నిలుచు మర్యాద మాత్రము అదియే. చివరకు ఆ మాట సంబోధనమై ఎదుటివానికే తగులుకొన్నది. ‘హుజూర్’ అని పిలిచినపుడు పిలువబడినది మనుష్యుడు కాదు, మనుష్యుని సమక్షము.

ఈ మర్యాద మనకు క్రొత్త కాదు. సన్నిధానము, సముఖము అను మాటలు మన రాజాస్థానములలో ఇట్లే నడచినవి. అహల్యాసంక్రందన కర్త సముఖము వేంకటకృష్ణప్పనాయకుని పేరిముందున్న ‘సముఖము’ను విద్యార్థులు ఇంటిపేరని దాటిపోవుదురు, దాని వెనుక రాజముఖమున్నదని గుర్తింపరు. మలయుదేశమున ఈ మర్యాద మరికొంత దూరము పోయినది. అచ్చటి ప్రభువుల బిరుదావళిలో ‘స్రి పాదుక’ అనియు ‘దులి’ అనియు వచ్చును. మొదటిది శ్రీ పాదుక, రెండవది ధూళి. ప్రభువును పేర్కొనుటకు నోరాడక అతని పాదుకలను, ఆ పాదుకల క్రింది ధూళిని పేర్కొని ఊరకుందురు. మన ‘శ్రీచరణములు’ ఇట్టిదే. మలేసియా రాజును నేటికిని రాజపత్రములలో పాదుకా శబ్దముతోనే వ్యవహరింతురు. సంస్కృత శబ్దములు సముద్రము దాటి అంత ఎత్తున కూర్చున్నవని వినినపుడు మనవారు సంతోషింతురు గాని, అవి కూర్చున్నది కాలిక్రింద అను సంగతి కూడ గమనింపవలెను.

ఇప్పుడు విద్యార్థి చీటీకి వత్తము. మలయు హాదిర్, తెలుగు హాజరు ఏకమూలములనుట నిస్సందేహముగ సత్యము. కాని అది సత్యమగుటకు కారణము పోలిక కాదు. ఆ రెంటిమధ్య గల భేదము. తెలుగున జకారమున్నచోట మలయులో దకారమున్నది. ఈ భేదము ఒక్కచోటనే యున్నచో కాకతాళీయమనవచ్చును. మనకు కాజీ, వారికి కాది. మనకు రంజాను, వారికి రమదాన్. మనకు రాజీ, వారికి అదే ధాతువునుండి ‘రెద’. మనకు జరూరు, వారికి ‘దారురత్’. ఈ చివరి జంట సరసమైనది. మనకు జరూరు అనగా తొందరపని; వారికి దారురత్ అనగా దేశమున ప్రకటించు అత్యవసరస్థితి. మలయాలో 1948 మొదలు 1960 వరకు నడచిన సంక్షోభకాలమునకు ఆ పేరే నిలిచినది. ఇన్ని జంటలలో ఒకే భేదము క్రమము తప్పక కనబడుటయే బంధుత్వమునకు సాక్ష్యము. కారణమును సుగమమే: ‘దాద్’ అను అరబ్బీ వర్ణమును ఫార్సీవారు జకారసదృశముగ పలికిరి, మనకు అవి ఫార్సీ ఉర్దూల ద్వారమున వచ్చినవి. హైదరాబాదు రాజ్యమున 1884 ప్రాంతము వరకు ఫార్సీ, పిదప ఉర్దూ రాజభాషలు. మలయు దకారము మాత్రము అరబ్బీ ఉచ్చారణమునకు దగ్గర.

కాని నియమమునకు ఎదురు తిరిగిన మాట యొకటి కలదు. పూచీపడుట అను అర్థమున మలయులో ‘జామిన్’ అందురు. నియమానుసారము దకారముండవలసినచోట జకారమున్నది. ఈ మాట అరబ్బు ఓడలపై గాక హిందూదేశపు వర్తకుల నోట మలయు రేవులకు చేరియుండునని మా ఊహ. అప్పులు, పూచీలు వర్తకుల మాటలు కదా! ఊహను ఊహగనే చెప్పుచున్నాము.

మరియొక విశేషము. అదే దాద్ వర్ణము కొన్ని మలయు మాటలలో లకారమైనది. విధిగ చేయవలసినది అను అర్థముగల ‘ఫర్ద్’ శబ్దము ‘పెర్లు’ అయి, ఆవశ్యకము అను అర్థమున నిత్యవ్యవహారమున నున్నది. మనము మునుపు చెప్పిన ‘రెద’కు ‘రెల’ అను జంటరూపము కలదు. దకారము లకార మెట్లగును? క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దికి చెందిన అరబ్బీ వైయాకరణుడు సీబవైహి, దాద్ వర్ణమును నాలుకప్రక్క దంతములను తాకించి పలుకవలెనని వర్ణించియున్నాడు. అనగా అందు లకారచ్ఛాయ యుండెడిది. స్పెయిను దేశమున పురపాలకుని ‘అల్కాల్దె’ అందురు. అది ‘అల్ కాది’ యే. అచ్చట లకార దకారములు రెండును నిలిచినవి. కాజీ మనకు వివాహములు నడపువాడు, స్పెయినున నగరాధ్యక్షుడు! తెలుగు చదువువారికి ఈ వర్ణవిపర్యాసము వింతగ తోపనక్కరలేదు. తమిళమున ‘ఏఴు’ అనునది మనకు ‘ఏడు’. ప్రాచీన తెలుగు శాసనములలో ఆ ఴకారమునకు ప్రత్యేక లిపి కలదు. డకారమునకు, ళకారమునకు నడుమనుండు ధ్వనులు ఏ దేశముననైన చిరకాలము నిలువవు. ఏదో యొక ప్రక్కకు ఒరుగును.

ఇక హదాప్. విద్యార్థి చీటీలో మిక్కిలి ఆకర్షకమైనది ఇదియే. ‘మెంహదాప్’ అనగా రాజదర్శనము చేయుట. ‘బలై పెంహదాపన్’ అనగా కొలువుకూటము. హాదిర్, హదాప్ అనునవి ఒకే భాషలో, ఒకే సందర్భమున, ఒకే రాజు ఎదుట వినబడు మాటలు. అయినను వీనికి చుట్టరికము లేదు. హదాప్ మలయు దేశపు సొంత మాట. ఫిలిప్పీను ద్వీపములలోని తగలాగు భాషలో దీని తోబుట్టువు ‘హరప్’. ముఖము, ముందు అని అర్థము. ఇస్లాము ప్రవేశింపక మునుపటి ప్రాచీన జావా భాషలోను ఈ మాట కలదు. అరబ్బీ శబ్దము కంటె ముందే ఇంట నున్నదానిని ఆ శబ్దమునుండి పుట్టినదని ఎట్లందుము? పకారాంతమునకు అరబ్బీలో ఆధారమును లేదు. మలయులో ‘మాస హదాపన్’ అనగా రాబోవు కాలము. ఇందు మాస శబ్దము మన మాసమే. నెల యను అర్థము సడలి కాలమైనది. తెలుగున ‘ముందు’ అనుమాట జరిగిపోయినదానికిని, జరుగబోవుదానికిని చెల్లుచున్నది. మలయు వారి ‘ఎదుట’ భవిష్యత్తువైపే చూచును.

తెలుగువారికి మలయు భాషతో పరిచయము గ్రంథముల మూలమున కలిగినది కాదు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమునుండి తోటలలో పని కొరకు పోయినవారు, ముఖ్యముగ పెరాక్ రాష్ట్రపు దక్షిణభాగమున స్థిరపడినవారు, దానిని అన్నముతోపాటు ఆర్జించుకొన్నారు. వారి సంతతివారే 1955లో మలయా ఆంధ్ర సంఘమును స్థాపించిరి. అంతకు పూర్వము మలయులు తూర్పుతీరమునుండి వచ్చినవారినందరిని ‘కెలింగ్’ అనిరి. అది కళింగ శబ్దభవము. ఒకప్పుడు రాజ్యనామమైన ఆ మాట పోనుపోను పరిహాసవాచకమైనది. నేడు మర్యాదస్థులు దానిని వాడరు. నేటి మలేసియా పాఠశాలలో తెలుగు పిల్లవాడు పేరు పిలువగానే హాదిర్ అనును. హుజూర్‌నగర్ బడిలో పిల్లవాడు ‘ప్రెజెంట్ సార్’ అనును గాని, ఉపాధ్యాయుడు వ్రాసికొనునది హాజరుపట్టీలోనే.

ఐరిష్ ‘లాహిర్’ విషయము. ఈ మాటలోని హకారమే విద్యార్థిని మోసగించినది. కాని ఆ హకారము ప్రాచీనము కాదు. వ్రాతలో నేటికిని అచ్చట తకార హకారముల జంట కలదు. ప్రాచీన ఐరిష్‌లో దానిని దంత్యోష్మముగ పలికెడివారు. మధ్యయుగమున అది హకారముగ సడలినది. ఆద్యమైన లకారమునకును అరబ్బీలో సమాధానము లేదు. కావున పోలిక కేవలము యాదృచ్ఛికము. అయినను అర్థదృష్టితో ఈ మాట మా విచారణకు మిక్కిలి ఉపకారకము. దానికి మొదట స్థలము అని అర్థము, పిమ్మట సమక్షము. మన హుజూరు సమక్షమునుండి స్థలమునకు పోగా, ఐరిష్ మాట స్థలమునుండి సమక్షమునకు వచ్చినది. దారి యొక్కటే, నడక ఎదురెదురు. దానినుండి పుట్టిన ‘లాహ్‌రఖ్’ అను రూపమునకు తక్షణమే అనియు, వ్యాకరణమున వర్తమానకాలమనియు అర్థములు. అదే ఆకృతిగల నామవాచకమునకు ఇల్లు కూలిన పాడుదిబ్బ అని అర్థము. స్కాట్లండు గేలిక్ భాషలో ‘లారఖ్’ అను రూపమున ఈ చివరి అర్థమే ప్రసిద్ధము. ఎవరో యుండిన చోటు. ఇప్పుడు ఎవరును లేని చోటు. సన్నిధి వాచకమే శూన్యమును చెప్పుటకు వచ్చుట అర్థపరిణామమున అరుదైన ఘట్టము. మన ‘పాటిదిబ్బ’కు ఆ చరిత్ర లేదు.

కెల్టిక్ భాషలలో మనకు నిజముగ బంధువైన సన్నిధి వాచకము వేరొకటి కలదు. దానిపై విద్యార్థి చూపు పడలేదు. ఏలయన అది మన మాటలవలె ధ్వనింపదు. వెల్షు భాషలో సమక్షమును ‘గూయిద్’ అందురు. ప్రాచీన ఐరిష్‌లో దాని తోబుట్టువు ‘ఫీఅద్’. ఈ రెంటికిని మూలము చూచుట, తెలియుట అను అర్థముల ధాతువు. సంస్కృతమున అది ‘విద్’, అందుండి వేదము. వకారము వెల్షులో గకార వకారముల జంటగను, ఐరిష్‌లో ఫకారముగను మారుట నియతము. సంస్కృత వీర శబ్దమునకు వెల్షున ‘గూర్’, ఐరిష్‌న ‘ఫెర్’. విధవకు వెల్షున ‘గ్వెదూ’, ప్రాచీన ఐరిష్‌న ‘ఫెద్వ్’. ఇట్లు హాదిర్‌కు హదాప్ చుట్టము కాదు. వేదమునకు గూయిద్ చుట్టము. వెల్షున బాతునకును గూయిద్ అనియే పేరుండుట విద్యార్థులకు మరియొక హెచ్చరిక. ఆ బాతునకు వేదముతో ఏ సంబంధము లేదు.

ఆ ధాతువునుండియే ఐరిష్‌న ‘ఫీనషె’ అను మాట పుట్టినది. దానికి మొదట సమక్షము, పిమ్మట సాక్ష్యము అని అర్థము. ఎదుట నుండి చూచినవాడే కదా సాక్షి! మన సాక్షి శబ్దమున అక్షి యున్నది. అరబ్బీ మహ్‌దర్ సమక్షమునుండి సాక్ష్యపత్రమైనది. మలయులు సాక్షిని ‘సక్సి’ యనుచున్నారు. అది మన సంస్కృతపు మాటయే. పరస్పరము సంబంధములేని భాషలు ఒకే అర్థమార్గమున నడచుట ఇచ్చట స్పష్టము. శబ్దసామ్యమునకు లేని విలువ అర్థసామ్యమునకు గలదని కాదు. అర్థము అట్లు మారగలదని తెలియుట ఒకటి, మాటలు బంధువులని తేల్చుట వేరొకటి.

వెల్షు ప్రసంగము వచ్చినది కావున బాలవ్యాకరణము చెప్పువారి కొరకు ఒక చిన్న పక్కమాట. గూయిద్ శబ్దమునకు ముందు ‘అన్’ అను విభక్త్యర్థక మొచ్చినచో మొదటి గకారము అనునాసికమైపోవును. ‘తాద్’ అనగా తండ్రి; నీ తండ్రి యనుటకు ‘దాద్’, నా తండ్రి యనుటకు ‘న్హాద్’ అందురు. పదాదిహల్లు పూర్వపదమునుబట్టి మారుటను యూరపు పండితులు విడ్డూరముగ వర్ణింతురు. ద్రుతముమీద పరుషములు సరళములగుటను, ప్రథమమీద గసడదవలు వచ్చుటను బాల్యముననే వల్లించిన మనకు విడ్డూరమేమి? వచ్చెను, కొడుకు అను రెండు పదములు కలిసి ‘వచ్చెనుగొడుకు’ అగుచున్నవి. రాముడు పలికె ననుట ‘రాముడువలికె’ నగుచున్నది. వెల్షున ఒకప్పుడు పూర్వపదాంతమున నుండి, పిమ్మట లోపించిన అచ్చులో అనునాసికమో ఈ మార్పునకు కారణము. మన ద్రుతమును నకారమే. ఇది బంధుత్వము కాదు. అయినను మా తరగతిలో ద్రుతసంధి చెప్పునపుడు వెల్షు ఉదాహరణము చెప్పినచో నిద్రించువారు మేల్కొనుచున్నారు.

ఇక నగరమును గూర్చి సంగ్రహముగ. ఋగ్వేదమున నగర శబ్దము లేదు, ‘పుర్’ కలదు. నగర మనుమాట పట్టణార్థమున తైత్తిరీయారణ్యకమున కనబడును. నగము అనగా చెట్టు లేక కొండ, అవి గలది నగర మని వైయాకరణులు సాధించిరి. సాధన మందముగ నున్నది, నమ్మకము కలుగదు. తమిళమున నకర్ అనగా గృహము, మాళిగ, ఆలయము, పట్టణము. తెలుగున నగరు అనగా రాజగృహము. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ రూపములను ఒకచోట చేర్చినది. గృహమునుండి పట్టణమునకు పెరిగిన అర్థక్రమము ద్రావిడ భాషలలోనే నిండుగ నిలిచియుండుటచేత, సంస్కృతమే ఈ మాటను ఎరువు తెచ్చుకొన్నదను పక్షమువైపు మేము మొగ్గుచున్నాము. ఈ మాట ఆగ్నేయాసియాలో ఇంకను పెరిగినది. కంబోజమున అది ‘అంగ్‌కోర్’. థాయి దేశమున ‘నఖోన్’. మలయులో ‘నెగెరి’ యనగా రాష్ట్రము, ‘నెగార’ యనగా దేశము. నెగెరి సెంబిలన్ అనగా నవరాష్ట్రము. 1957లో స్వీకరించిన వారి జాతీయగీతము పేరు ‘నెగారకు’, నా దేశము. తెలుగున రాజుగారి ఇల్లుగ నున్న మాట అచ్చట యావద్దేశమైనది! మలయుల సొంత మాట ‘వనువా’, అనగా జనావాసము, 683 నాటి కెడుకాన్ బుకిట్ శాసనమున కలదు. అది నేడు ‘బెనువా’ యై ఖండమునకు పేరైనది. కెల్టిక్ ‘దూన్’ శబ్దమును ఇట్టిదే: ఐరిష్‌న కోట, వెల్షు ‘దీనస్’ రూపమున పట్టణము, ఫ్రాన్సులోని లియోన్ ప్రాచీన నామమైన లుగ్‌దూనుమ్‌లోను అది యున్నది. ఐరిష్‌న తలుపు మూయుటకును దూన్ అనియే క్రియ. చుట్టు మూయబడినది కోట. ఆంగ్లపు ‘టౌన్’, జర్మనులు కంచెకు వాడు ‘త్సౌన్’ దాని దాయాదులు.

ఇంతవరకు హుజూర్, నగర్ అనువానిని వేరువేరుగ చూచితిమి. కాని హుజూర్ ధాతువునకు అరబ్బీలోనే మరియొక శాఖ కలదు. ‘హదర్’ అనగా ఒకచోట స్థిరముగ కాపురముండుట. ఎడారిలో గుడారములతో తిరుగువాడు బదవీ, ఊరు కట్టుకొని యుండువాడు హదరీ. నాగరకతకు వారి మాట ‘హదారత్’. 1332లో జన్మించిన ఇబ్న్ ఖల్దూన్ తన చరిత్రసిద్ధాంతమును ఈ రెండు జీవనవిధానముల ఘర్షణపైననే నిలిపెను. మలేసియాలో 2003 మొదలు 2009 వరకు ప్రధానిగ నుండినవారు ‘ఇస్లాం హదారీ’ అను భావమును ప్రచారము చేసిరి. వారి పేరు అబ్దుల్లా అహ్మద్ బదావీ. శబ్దములు తెలిసినవారికి ఈ జంట ముచ్చట గొల్పును. ఎదుట నుండుట, ఊరిలో నుండుట ఒకే ధాతువున ఇమిడియున్నవి. మన నగరమునుండి నాగరకత వచ్చినట్లే హదర్ నుండి హదారత్. కావున హుజూర్‌నగర్ అను పేరున రెండు ఊళ్లు ప్రక్కప్రక్కన నున్నవని అన్నను తప్పులేదు.

హైదరాబాదు బార్కసులో కాపురమున్న అరబ్బులు హద్రమౌతు సీమనుండి వచ్చినవారు. మలయు రేవులలోని అరబ్బులలో పెక్కుమంది ఆ సీమవారే. హద్రమౌతు అను పేరున కూడ ఈ మూడు హల్లులు కలవు. ఈ సంగతి తెలియగానే విద్యార్థి మరల చీటీ తీసెను. ఆ దేశనామముపై అరబ్బులే చెప్పుకొను కథలు పెక్కు కలవనియు, మా మహాజన వ్యుత్పత్తివలె అవియు వినసొంపుగ నుండుననియు చెప్పి ఆపితిమి. అతనికి బదులుగ వేరొక పని అప్పగించితిమి: హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతముల ఇండ్లలో మిగిలియున్న ఉర్దూ దస్తావేజులలో జాద్ అక్షరము గల మాటలను ఏరి, వాని తెలుగు రూపములను ప్రక్కన వ్రాయవలెనని. మొదటి వారమున అతడు తెచ్చిన పట్టికలో ‘జిల్లా’ కలదు. అది పక్కయెముక అని అర్థముగల అరబ్బీ మాట. పక్క, భాగము అను అర్థముల మీదుగ మనకు వచ్చినది. అతడది జీమ్ అక్షరముతో నుండునని అనుకొనియుండెనట. మేమును అట్లే అనుకొనియుంటిమి.